ఎడమ చేతికి సూది వద్దన్న రోగి: ఒక పెథాలజిస్టు కేస్ స్టడీ

2024 జూన్ రెండో వారంలో ఫార్మలిన్ సీసాలో ఆరు ముక్కలు మా ల్యాబ్‌కి వచ్చాయి. ఒక్కోటి ఆవగింజ కంటే కాస్త పెద్దది. ఎండోస్కోపీ గొట్టంలోంచి చిన్న పట్టకారు పంపి జీర్ణాశయం లోపలి గోడను గిల్లి తీసిన ముక్కలు. వెంట వచ్చిన కాగితం మీద ఇంతే ఉంది: స్త్రీ, 59 ఏళ్ళు, వాంతులు, బరువు తగ్గడం, జీర్ణాశయం గోడ మందం, క్యాన్సర్ అనుమానం. ‘గతంలో జబ్బులు’ అన్న గడిలో ఒక అడ్డగీత.

ఆ గీతను నేను ‘ఏమీ లేవు’ అని చదువుకున్నాను. ‘ఎవరూ అడగలేదు’ అన్నది దాని అసలు అర్థమని పదిహేను రోజుల తర్వాత తెలిసింది.

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను. నా పొరపాటును మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ఆమె ఇబ్బంది

ఆ ఏడాది సంక్రాంతి తర్వాత మొదలైంది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయినట్టు, పైకి తన్నుతున్నట్టు ఉండేదట. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. పట్నంలో డాక్టరు కూడా గ్యాసేనని బిళ్ళలు రాశారు. రెండు నెలలు వాడారు. తిన్నది తిన్నట్టు కక్కుకోవడం మొదలయ్యాక ఎండోస్కోపీ చేశారు. పుండు లేదు, గడ్డ లేదు. లోపలి మడతలు లావుగా ఉన్నాయి, అంతే. పైపైన తీసిన ముక్కల్లో మామూలు వాపు తప్ప ఏమీ లేదని వేరే ల్యాబ్ చెప్పింది. మే నెలకి 62 కిలోల మనిషి 53 అయ్యారు. హిమోగ్లోబిన్ 9.8.

రెండోసారి ఎండోస్కోపీ చేసిన డాక్టరు చాలా జాగ్రత్తగల మనిషి. గాలి ఊదినా జీర్ణాశయం బెలూన్‌లా సాగడం లేదని గమనించారు. తోలుసంచిలా బిగుసుకుపోయింది. ఇలాంటప్పుడు జబ్బు పై పొరలో కాకుండా దాని కింద పాకుతుంది. అందుకని ఒకే చోట మళ్ళీ మళ్ళీ గిల్లి, లోతుగా ముక్కలు తీసి పంపారు. ఆ ఆరే నా దగ్గరికి వచ్చినవి.

నేను ఇచ్చిన రిపోర్టు

ముక్కల్ని మైనంలో పోసి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు కోసి, గులాబీ-ఊదా రంగులు అద్ది చూస్తాం. ఆరింటిలో నాలుగింట జబ్బు ఉంది. పైన జీర్ణాశయపు గ్రంథులు శుభ్రంగా, వరసగా ఉన్నాయి. వాటి మధ్య సందుల్లో, అడుగున, ఒంటరి కణాలు. కొన్నిటి లోపల జిగురు నిండి, కేంద్రకం ఒక అంచుకు నెట్టుకుపోయి, రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తున్నాయి. వీటిని సిగ్నెట్ రింగ్ కణాలంటాం. జీర్ణాశయంలో ఇవి కనిపిస్తే ఏ పెథాలజిస్టు చెయ్యయినా ఒకే మాట టైపు చేస్తుంది. నా చెయ్యీ అదే చేసింది: జీర్ణాశయపు క్యాన్సర్, కణాలు ఒకదానితో ఒకటి అతుక్కోని రకం, సిగ్నెట్ రింగ్ కణాలతో.

రెండు చిన్న సంగతులు ఆ రోజే కనిపించాయి. కనిపించినా దాటేశాను. ఒకటి, కొన్ని కణాలు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. రెండోది, పై పొరలో ఎక్కడా చెడిపోవడం మొదలైన గుర్తు లేదు. అక్కడే పుట్టిన క్యాన్సరయితే పుట్టిన చోటు ఎక్కడో ఒకచోట తగిలే అవకాశం ఉంది. ఆరు ఆవగింజల్లో అది దొరక్కపోవచ్చని సర్ది చెప్పుకున్నాను. జీర్ణాశయపు క్యాన్సర్లు కూడా బారులు తీరతాయని చెప్పుకున్నాను. రెండూ నిజాలే. అందుకే నా అంతట నాకు అనుమానం రాలేదు.

హెర్2 (కొన్ని క్యాన్సర్లలో మితిమీరి ఉండే ప్రొటీన్) పరీక్ష అడిగారు, చేశాం, నెగెటివ్. సీటీ స్కాన్‌లో జీర్ణాశయం గోడ 14 మిల్లీమీటర్లు. కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రం. అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి కూచునే ట్యూమర్ బోర్డులో నిర్ణయం త్వరగానే అయిపోయింది: ముందు నాలుగు విడతల కీమో, తర్వాత మొత్తం జీర్ణాశయం తీసేసి పేగును నేరుగా అన్నవాహికకు కలపడం, ఆ తర్వాత మళ్ళీ కీమో.

డే కేర్‌లో

కీమో మొదటి రోజు. నర్సు ఎడమ చెయ్యి చాపమంది. ఆమె కుడి చెయ్యి చాపారు. కుడి చేతిలో నరం దొరకడం లేదు, ఎడమది ఇవ్వమ్మా అంది నర్సు.

“ఆ చేతికి సూది గుచ్చొద్దన్నారు తల్లీ, బీపీ కూడా చూడొద్దన్నారు. తొమ్మిదేళ్ళ నుంచి చూపించుకోవట్లా.”

ఎందుకొద్దన్నారని నర్సు అడిగింది. రొమ్ము తీసేసినప్పుడు చంకలో బిళ్ళలు, అంటే లింఫ్ గ్రంథులు, కూడా తీశారనీ, ఆ చెయ్యి వాస్తుందని చెప్పారనీ ఆమె మామూలుగా చెప్పారు. నర్సు సీసా వేలాడదీయడం ఆపేసి డ్యూటీ డాక్టర్ని పిలిచింది. ఆ అమ్మాయికి సర్వీసు మూడేళ్ళు కూడా ఉండదు. ఈ కేసులో రోగ నిర్ధారణ చేసిందెవరని ఎవరైనా అడిగితే నేను ఆమె పేరే చెబుతాను.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని తర్వాత కొడుకును అడిగాను. “అది రొమ్ముది కదండీ, నయమైపోయింది. ఇది కడుపుది” అన్నాడు. తప్పు పట్టడానికేముంది? నిజానికి ఆ మాట రికార్డులోనూ ఉంది. సీటీ రిపోర్టు రెండో పేజీలో, ఎడమ రొమ్ము లేదు, గతంలో ఆపరేషన్ అయింది అని రేడియాలజిస్టు రాశారు. మొదటి పేజీ కింద ఉన్న ముగింపు వాక్యాలు మాత్రమే అందరం చదివాం.

బీరువాలోని బ్లాకులు

డే కేర్ నుంచి ఈ సంగతి చెబుతూ ఫోన్ వచ్చిన సాయంత్రమే నా స్లైడ్లు మళ్ళీ బయటికి తీశాను. అవే కణాలు. కానీ ఈసారి చీమల బారు తప్ప ఇంకేమీ కనపడటం లేదు. చూపు మారిందంటే చూసేవి కూడా మారిపోయినట్టే ఉంటుంది, మా వృత్తిలో ఇదొక ఇబ్బంది.

2015లో ఆపరేషన్ చేసిన చోట కణితి బ్లాకుల్ని, అంటే మైనంలో పోసిన ముక్కల్ని, ఇంటివాళ్ళకే ఇచ్చేశారు. మర్నాడు కొడుకు వాటిని తెచ్చాడు. బీరువాలో పట్టుచీరల కింద పెట్టారట. ప్లాస్టిక్ కవరు విప్పితే కలరా ఉండల వాసన. వెంట పాత ఫైలు: ఎడమ రొమ్ములో 3.2 సెంటీమీటర్ల కణితి, ఇన్వేసివ్ లోబ్యులర్ కార్సినోమా (రొమ్ము క్యాన్సర్లో ఒక రకం), చంకలోంచి తీసిన 22 లింఫ్ గ్రంథుల్లో 5 చోట్ల జబ్బు. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే రిసెప్టార్, అంటే ఈఆర్, పాజిటివ్. హెర్2 నెగెటివ్. కీమో అయింది, కరెంటు (రేడియేషన్) పెట్టారు, హార్మోన్ మందు టామాక్సిఫెన్ అయిదేళ్ళు వాడి 2021 మొదట్లో ఆపేశారు.

పాత బ్లాకునీ కొత్త బ్లాకునీ పక్కపక్కన కోసి ఒకే రోజు ఒకే ట్రేలో రంగులు వేయించాను.

ముందు వేసింది ఈ-క్యాడెరిన్, కణాల్ని ఒకదానికొకటి అతికించే ప్రొటీన్, కోసం. ఇది ఉన్న కణం చుట్టూ గోధుమ రంగు గీత పడుతుంది, తేనెపట్టు గదుల్లా. రొమ్ము ముక్కలో మామూలు పాలగొట్టాలు చక్కగా గోధుమ గీతలు గీసుకున్నాయి, క్యాన్సర్ కణాలు ఖాళీ. జీర్ణాశయం ముక్కలోనూ అంతే: గ్రంథులు గోధుమ, మధ్యలో పాకిన కణాలు ఖాళీ. చూసిన జూనియర్ “సరిపోయింది మేడమ్, రెండూ ఒకటే” అంది. సరిపోలేదు. అతుక్కోని రకం జీర్ణాశయపు క్యాన్సర్లోనూ ఈ-క్యాడెరిన్ తరచూ పోతుంది. పోలిక ఉంది, రుజువు లేదు.

తేల్చింది మిగతా రంగులు. గాటా3 అనే ప్రొటీన్ రొమ్ము కణాల కేంద్రకంలో ఉంటుంది, జీర్ణాశయపు క్యాన్సర్లో సాధారణంగా ఉండదు. రెండు ముక్కల్లోనూ కేంద్రకాలు నల్లగా కందాయి. ఈఆర్ పాత దాంట్లో 95 శాతం కణాల్లో, కొత్త దాంట్లో 90 శాతం కణాల్లో గట్టిగా వచ్చింది. జీర్ణాశయం, పేగుల వైపు సూచించే సీడీఎక్స్2, సీకే20 రెండూ రాలేదు. ఒక్క ఈఆర్ మీదే ఆధారపడకూడదని నా అభిప్రాయం, జీర్ణాశయపు క్యాన్సర్లలోనూ అప్పుడప్పుడు అది పలచగా రావచ్చు. ఇక్కడ నాలుగూ ఒకే దిక్కు చూపించాయి.

రిపోర్టు వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చాను: రొమ్ము లోబ్యులర్ క్యాన్సర్, జీర్ణాశయానికి పాకింది. ‘సవరించిన రిపోర్టు’ అని పైన పెద్దక్షరాల్లో రాయాలి. ఆ రెండు మాటలు టైపు చేయడం ఎంత కష్టమో మా వాళ్ళకే తెలుస్తుంది.

చేతులు వదిలేసిన కణం

ఒప్పులకుప్ప ఆడే పిల్లలు చేతులు పెనవేసుకుని వెనక్కి వాలి తిరుగుతారు. ఎంత వేగంగా తిరిగినా పట్టు ఉన్నంతసేపు ఇద్దరూ అక్కడే ఉంటారు. జారిందా, ఒకరు అటు, ఒకరు ఇటు. పాలగొట్టాల్లో, పేగు లోపలి పొరలో, చర్మంలో కణాలు ఇలాగే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ చెయ్యే ఈ-క్యాడెరిన్. క్యాల్షియం ఉంటేనే పట్టు బిగిసే ఈ ప్రొటీన్ల కుటుంబాన్ని వెలికితీసింది జపాన్ శాస్త్రవేత్త మసతోషి తాకెయిచి. దీని ఎక్కువ భాగం కణం బయటికి చాచి ఉంటుంది, పక్క కణం చేతిని పట్టుకుంటుంది. మిగతాది లోపల ఉంటుంది, దాన్ని క్యాటెనిన్‌లనే ప్రొటీన్లు కణం లోపలి తాళ్ళకు కట్టేస్తాయి.

క్యాన్సర్ పాకడమంటే మొదటి మెట్టు ఈ పట్టు వదలడం. ఎలా వదులుతుందన్న దానికి పుస్తకాల్లో ఉండే జవాబు ఈఎమ్‌టీ. ఎపిథీలియల్ కణం, అంటే పొరలో కుదురుగా కూచునే కణం, మెసెంకైమల్ కణంగా, అంటే సాగిన ఒంటితో నడిచే కణంగా మారడం. దీన్ని మొదట కోడిపిల్ల పిండం మీద పని చేస్తూ అమెరికాలో ఎలిజబెత్ హే 1980ల మొదట్లో వర్ణించారు. క్యాన్సర్ కొత్తగా కనిపెట్టిన విద్య కాదిది. పిండం తయారయ్యేటప్పుడు కణాలు ఒక చోట విడివడి ఇంకో చోటికి నడిచి వెళ్ళి స్థిరపడాలి. ఆ పాత పాఠం ప్రతి కణం జన్యువుల్లో మూసిపెట్టి ఉంటుంది. స్నెయిల్, స్లగ్, ట్విస్ట్, జెబ్1 అనే స్విచ్ ప్రొటీన్లు దాన్ని తెరుస్తాయి. అవి తెరుచుకుంటే ఈ-క్యాడెరిన్ తయారీ ఆగుతుంది, విమెంటిన్ అనే నడిచే కణాల ప్రొటీన్ తయారవుతుంది. 2004లో అమెరికా క్యాన్సర్ శాస్త్రవేత్త రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబ్ ఎలుకల రొమ్ము కణితుల్లో ట్విస్ట్‌ను అణిచేస్తే ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గిందని చూపించింది.

ఇందులో మలుపు ఒకటుంది. స్విచ్ వేస్తే మారిన కణం, స్విచ్ తీస్తే వెనక్కి కూడా మారగలదు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే డక్టల్ రకం ఊపిరితిత్తికో కాలేయానికో చేరాక మళ్ళీ ఈ-క్యాడెరిన్ వేసుకుని, చేతులు పట్టుకుని, ముద్దకట్టి పెరగడం మేము స్లైడ్ల మీద చూస్తూనే ఉంటాం. దారిలో నడిచే వేషం, ఊరు చేరాక కాపురం వేషం. కొన్ని కణాలయితే రెండు వేషాలూ సగం సగం వేసుకుని, గుంపులుగానే రక్తంలోకి దూకుతాయి.

మరి మా రోగి కణాలు? వాటికి వేషం మార్చే పనే లేదు. లోబ్యులర్ క్యాన్సర్లలో పదింట తొమ్మిదింటికి ఈ-క్యాడెరిన్ ఉండదు. చాలావాటిలో స్విచ్ మూయడం వల్ల కాదు, ఆ ప్రొటీన్‌కి పాఠం రాసి ఉన్న సీడీహెచ్1 జన్యువే చెడిపోవడం వల్ల. అది 16వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఒక ప్రతి చెడిపోతుంది, రెండోది ముక్కతో సహా ఊడిపోతుంది. ఇక వెనక్కి రావడానికి ఏమీ మిగలదు. ఆమె కణాల్లో విమెంటిన్ వేసి చూశాను, రాలేదు. పొర కణాల ప్రొటీన్ అయిన కెరాటిన్ నిండుగా ఉంది. అంటే కణం ఎపిథీలియల్‌గానే ఉంది, నడిచే వేషం వెయ్యలేదు. పట్టుకునే చెయ్యి మాత్రం లేదు. చెయ్యి లేకుండానే రొమ్ము నుంచి జీర్ణాశయం దాకా వచ్చింది, వచ్చాక కూడా చెయ్యి లేకుండానే కాపురం పెట్టింది. ఈఎమ్‌టీని ఒక్క దారిగా బోధించే స్లైడ్లు నేనూ చాలా ఏళ్ళు క్లాసులో వేశాను. ఇప్పుడు ఈ రెండు బ్లాకుల బొమ్మల్ని వాటి పక్కన పెడుతున్నాను.

పట్టు తప్పిన కణం మామూలుగా చచ్చిపోవాలి. ఆధారం ఊడిన కణం తనను తాను చంపుకోవడానికి అనోయికిస్ అని 1994లో పేరు పెట్టారు. లోబ్యులర్ కణం ఆ చావు తప్పించుకునే ఉపాయం మేము వేసే ఒక రంగులోనే కనిపిస్తుంది. ఈ-క్యాడెరిన్ లోపలి భాగాన్ని పట్టుకుని ఉండాల్సిన పీ120 క్యాటెనిన్, పట్టుకోవడానికి ఏమీ లేక గోడ దగ్గర నుంచి కణం మధ్యలోకి వచ్చేస్తుంది. అలా తిరుగుతూ కణాన్ని బిగించే, నడిపించే రో అనే యంత్రాంగాన్ని ఆన్ చేసి ఉంచుతుంది. ఆధారం లేకపోయినా బతికే ధైర్యం కణానికి అక్కణ్ణుంచి వస్తుంది. ఆమె రెండు ముక్కల్లోనూ పీ120 గోధుమ రంగు గీతలా కాకుండా కణం అంతటా పొగమంచులా పరుచుకుని ఉంది.

గడ్డలా ముద్దకట్టకపోవడానికీ కారణం ఇదే. ఒంటరిగా, బారులుగా, చుట్టూ గట్టి మచ్చ కూడా లేపకుండా పాకే కణాలు చేతికి తగలవు. మామోగ్రామ్‌లో కూడా తరచూ దాక్కుంటాయి. ఎండోస్కోపీలో పుండు కనపడకపోవడం, మొదటిసారి పైపైన తీసిన ముక్కల్లో ఏమీ లేకపోవడం కూడా ఇందువల్లే.

కడుపులోకే ఎందుకొచ్చింది

లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లో 735 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల శవపరీక్షల వివరాలు చూసి, రక్తం వెళ్ళిన చోటల్లా జబ్బు సమానంగా రావడం లేదని గమనించాడు. విత్తనం అన్ని దిక్కులకూ పోతుంది, తగిన నేలలోనే మొలుస్తుంది అన్నాడు. వ్యవసాయం తెలిసిన మనకు దీనికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఎన్ని విత్తనాలు వృథా పోతాయో 1970లో శాస్త్రవేత్త ఐజయ్యా ఫిడ్లర్ లెక్క కట్టాడు. రేడియోధార్మిక గుర్తు పెట్టిన మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాల్ని ఎలుకల రక్తంలోకి ఎక్కిస్తే, 24 గంటలకు బతికున్నవి నూటికి ఒకటి కంటే తక్కువ. కొత్త కణితిగా మొలిచినవి వెయ్యికి ఒకటి కూడా లేవు.

రొమ్ము క్యాన్సర్ల విత్తనాలు కూడా ఒకే రకం కావు. డక్టల్ రకం ఊపిరితిత్తి, కాలేయం, మెదడు వైపు ఎక్కువ. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో పది పదిహేను శాతం ఉండే లోబ్యులర్ రకం ఎముకలతో పాటు జీర్ణాశయం, పేగులు, పొట్ట లోపలి అవయవాలను కప్పే పొర (పెరిటోనియం), అండాశయాల వంటి చోట్లకు డక్టల్ కంటే ఎక్కువగా వెళ్తుంది. ఊపిరితిత్తుల్ని తక్కువగా ముడుతుంది. ఆమె ఊపిరితిత్తులు, కాలేయం శుభ్రంగా ఉండి జీర్ణాశయం తోలుసంచిలా మారడం, ఇప్పుడు చూస్తే, అచ్చం లోబ్యులర్ నడకే.

ఒక్క జన్యువు ఈ రెండు అవయవాల్నీ ఎలా కలుపుతుందో చెప్పే సంగతి ఇంకోటుంది. 1998లో న్యూజిలాండ్‌లో ఒక మావోరి కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే వస్తున్న జీర్ణాశయపు క్యాన్సర్‌కి కారణం పుట్టుకతో వచ్చిన సీడీహెచ్1 లోపమని తేలింది. అలాంటి లోపం ఉన్న కుటుంబాల్లో ఆడవాళ్ళకు లోబ్యులర్ రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. ఇది మా కేసుకు నేరుగా తగిలింది. నా మొదటి రిపోర్టు నిలబడి ఉంటే, ఒకే మనిషికి రొమ్ములో లోబ్యులర్, జీర్ణాశయంలో సిగ్నెట్ రింగ్ క్యాన్సర్ అని రెండు పుట్టినట్టు లెక్క. అప్పుడు వంశపారంపర్యం అనుమానించి జన్యు పరీక్ష చేయించాలి, ఆమె కూతురు కూడా టెన్షన్‌తో ఆ ఫలితం కోసం ఎదురు చూడాలి. కొత్త రిపోర్టుతో ఆ అనుమానానికి ఆధారం పోయింది. జబ్బు పాకిందన్న వార్త ఒక ఇంట్లో ఊరటగా వినిపించడం అదే మొదటిసారి చూశాను.

తొమ్మిదేళ్ళు ఎక్కడున్నట్టు? ఈఆర్ పాజిటివ్ రకంలో ఇది వింత కాదు. ఆపరేషన్‌కి ముందే విడివడిన కణాలు ఎముక మజ్జలాంటి చోట్ల విభజన ఆపేసి నిద్రపోగలవు. అయిదేళ్ళ హార్మోన్ మందు పూర్తయ్యే నాటికి జబ్బు జాడ లేని 62,923 మంది వివరాలతో 2017లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, కణితి 2 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉండి 4 నుంచి 9 గ్రంథుల్లో జబ్బున్న వాళ్ళలో, అయిదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు లోపల దూరంగా తిరగబెట్టే ముప్పు 41 శాతం. ఆమె సరిగ్గా ఆ వరసలోనే ఉన్నారు. ‘అయిదేళ్ళు దాటితే గండం గడిచినట్టే’ అన్న మాట మన దగ్గర డాక్టర్లు కూడా వాడతారు. ఈ రకానికి అది వర్తించదు. ఎవరో ఆమెకు ఆ మాట చెప్పి ఉంటారు. 2021 తర్వాత ఆమె ఏ క్యాన్సర్ డాక్టర్‌నీ కలవలేదు.

మందులు

చక్కెరను ఎక్కువగా తినే కణాలు వెలిగి కనిపించే పెట్ స్కాన్ చేశారు. జీర్ణాశయం అంతంతమాత్రంగా వెలిగింది, ఈ రకం కణాలు చక్కెరను పెద్దగా తినవు కాబట్టి స్కాన్ తేలిగ్గా కనపడితే జబ్బు తేలికని అనుకోకూడదు. వెన్నుపూసల్లో, తుంటి ఎముకలో నాలుగు మచ్చలు ఉన్నాయి. జీర్ణాశయం తీసేసినా జబ్బు పోదు. జీర్ణాశయం పోయేది, అంతే. కీమో సీసాలు వెనక్కి వెళ్ళాయి. ఆపరేషన్ రద్దయింది.

రోజూ ఒక లెట్రోజోల్ బిళ్ళ, మూడు వారాలు వాడి వారం ఆపే పాల్బోసిక్లిబ్ గోలీ, ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్. మొదటిది కణానికి ఈస్ట్రోజెన్ అందకుండా చేస్తుంది, రెండోది విభజన గేటు దగ్గర కాపలా కాస్తుంది. 2023 జనవరిలో పేటెంట్ గడువు తీరి మన కంపెనీల పాల్బోసిక్లిబ్ మార్కెట్లోకి వచ్చింది కాబట్టి ఈ మాట ఇంత తేలిగ్గా రాస్తున్నాను. అంతకుముందయితే ఈ పేరు చెప్పగానే ఇంట్లో పొలం సంగతి మాట్లాడుకునేవాళ్ళు.

రెండో నెలలో తెల్లకణాలు పడిపోయాయి. వారం ఆపి, మోతాదు 125 నుంచి 100 మిల్లీగ్రాములకు తగ్గించారు. మూడో నెలకి వాంతులు ఆగాయి. ఆరో నెలకి 58 కిలోలు.

అప్పుడొకసారి ఆమె మా ల్యాబ్‌కి వచ్చారు. మా దగ్గరికి రోగులు రారు, సీసాలే వస్తాయి. కొడుకు బయట నిలబడ్డాడు. ఆమె లోపలికొచ్చి, “డాక్టరమ్మా, నాకు కడుపులో కొత్తది పుట్టిందా, పాతదే వచ్చిందా? ఒకాయన ఒకటి చెప్పాడు, ఇంకొకాయన ఇంకోటి” అన్నారు.

మొదటి మాట చెప్పింది నేనేనన్నాను. తర్వాత ఇద్దరం చూసే మైక్రోస్కోపు దగ్గర కూచోబెట్టాను. ముందు 2015 స్లైడ్, ఆ పక్కనే 2024 స్లైడ్. కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీసి చూశారు.

“చీమల్లా ఉన్నయ్యేంటి?”

“అవునమ్మా.”

“రెంటిలోనూ అవే చీమలు.”

ఆరుగురు స్పెషలిస్టులం, మూడు వారాలు, పది రంగులు. ఆమెకు అర నిమిషం పట్టింది. అయితే ఆమెకు రెండు స్లైడ్లూ పక్కపక్కన చూపించారు, మాకు చూపించలేదు. ఈ మాట సమర్థింపులా వినిపిస్తుందని తెలుసు.

ఆ తర్వాత మా రిక్వెస్ట్ కాగితంలో ‘గతంలో జబ్బులు’ గడి తీసేసి, ‘ఇంతకు ముందు ఒంట్లో ఎక్కడైనా గడ్డ తీశారా, రొమ్ము, గర్భసంచి, మరేదైనా’ అని తెలుగులో వేయించాను, రోగితో వచ్చిన వాళ్ళు కూడా చదివి నింపగలిగేట్టు. మొదటి వారం వచ్చిన కాగితాల్లో సగానికి పైగా ఆ గడి ఖాళీ. ఇప్పుడు ఖాళీగా వస్తే మా టెక్నీషియన్ సీసా తీసుకోకముందే ఫోన్ చేస్తున్నాడు. డాక్టర్లు విసుక్కుంటున్నారు.

గత నెల

పద్నాలుగో నెలలో ఎండోస్కోపీ మళ్ళీ చేశారు. గాలి ఊదితే జీర్ణాశయం సాగింది, పూర్తిగా కాదు. మడతలు పలచబడ్డాయి. లోతుగా తీసిన ఆరు ముక్కల్లో నాలుగు శుభ్రంగా ఉన్నాయి. రెండింటిలో, గ్రంథుల అడుగున, అక్కడక్కడా ఒంటరి కణాలు. పెద్ద పవర్ మీద ఒక చూపులో ఆరో ఏడో. ఈఆర్ ఇంకా గట్టిగానే ఉంది, కాబట్టి లెట్రోజోల్ కొనసాగుతోంది. ఎముక మచ్చల్లో మార్పు లేదు. రిపోర్టు టైపు చేసేటప్పుడు 2015 స్లైడ్ ట్రేలో పక్కనే పెట్టుకున్నాను. బ్లాకుల్ని తిరిగి ఇవ్వబోతే, మీ దగ్గరే ఉంచండి, చీరలకు వాసన పడుతోంది అన్నారట.